జోడియాక్ లెక్క

సన్నీవేల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో షికారు వెళ్ళే మనవాళ్ళకు ప్రెసిడియో హైట్స్ అంటే డబ్బున్నవాళ్ళ పేట. 1969 అక్టోబరు 11 రాత్రి అక్కడ టాక్సీ డ్రైవరును కాల్చి చంపినవాడు, హతుడి చొక్కా ముక్కను పత్రికకు పంపాడు. తన పేరు జోడియాక్ అని చెప్పుకున్నాడు. దొరకనే లేదు. వాడివని పోలీసులు తేల్చిన హత్యలు ఐదు. గాయాలతో బ్రతికినవారు ఇద్దరు. 1974 ఉత్తరంలో వాడు వేసుకున్న లెక్క మాత్రం 37! 51 ఏళ్ళు కొరుకుడుపడని వాడి సంకేత లేఖను 2020లో ముగ్గురు ఔత్సాహికులు విప్పితే, అందులోనూ పేరు లేదు.

రోగి చెప్పిందల్లా కేసుషీటులో నిజమని రాసుకోం. 37నీ మేము నమ్మం. అలాగని ఐదే అనడానికీ నోరు రాదు. ఒకచోట తుపాకి, ఇంకోచోట కత్తి. ఊరూరికీ వేరే పోలీసులు. హంతకుడు తెలియని పాత శవపరీక్ష కాగితాలను పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఇప్పటికీ కావాలి.