మంచం దగ్గర అక్షరాల ఆట

వార్డులోకి పత్రిక రాగానే వార్తలు చూసేవారు కొందరు, గళ్ళ నుడికట్టు ఉన్న పేజీ వెతికేవారు కొందరు. ఈనాడు ‘హాయ్ బుజ్జీ’ పేజీలోని ‘గజిబిజి బిజిగజి’ చాలామందికి తెలిసిందే. అక్షరాలు తారుమారుగా ఇస్తారు, సరిచేసి మాట చెప్పాలి. పిల్లల కోసం వేసినదైనా తాతలకూ సరదాయే. “రోజూ ఇది చేయిస్తే మా నాయనకు మతిమరుపు తగ్గుతుందా?” అన్న ప్రశ్న మాత్రం కొంచెం ఆలోచించవలసినది.

ముందు ఆట సంగతి. ఇంగ్లీషులో ఆరు వేర్వేరు అక్షరాల మాటను 720 రకాలుగా అమర్చవచ్చు. తెలుగులో గుణింతాన్ని, ఒత్తును విడదీయరు. ‘ట్టె జొ రొ న్న’ అని ఇస్తే జొన్నరొట్టె తొందరగానే దొరుకుతుంది, ఎందుకంటే నాలుగు అక్షరాలకు 24 అమరికలే. మూడింటికైతే ఆరే. కాబట్టి నీరసంగా ఉన్నవారికి మూడక్షరాల మాటతో మొదలుపెట్టండి. పలక మీద పెద్దగా రాయండి. కళ్ళద్దాలు పెట్టించడం మరువకండి. మొదటి అక్షరం మీరే చెప్పినా తప్పులేదు, ఇది పరీక్ష కాదు. పది నిమిషాలు చాలు.

ఇక లాభం. 2019లో బ్రిటన్‌లో 50 ఏళ్ళు దాటిన సుమారు 19 వేల మందిని పరిశీలించగా, పదాల ఆటలు తరచూ ఆడేవారికి ధ్యాస, జ్ఞాపకం మెరుగుగా కనిపించాయి. అయితే ఆటవల్ల అవి మెరుగయ్యాయా, చురుకైనవారే ఆట ఆడుతున్నారా అన్నది దానివల్ల తేలదు. మతిమరుపు జబ్బుకు ఇది మందు కాదు. బి.పి., షుగరు అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం ఇంతకంటే ముఖ్యం.

మన ప్రాంతం వారికి పనికివచ్చే మరో సంగతి ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. నారాయణఖేడ్ కర్ణాటక, మహారాష్ట్రలకు దగ్గర. తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే పెద్దలు ఇక్కడ కొత్త కాదు. అక్షరం రాని అవ్వకు పత్రిక ఎందుకు? ఆమెకు వచ్చిన ఏ భాషలోనైనా పొడుపుకథ వేయండి, సగం సామెత చెప్పి ఆపండి. మిగతాది ఆమే అందుకుంటుంది.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారి విషయం వేరు. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే చాలామందికి మాట దొరకదు, చదవడమూ కష్టమవుతుంది. బుద్ధి పోయిందని కాదు. నిన్నటిదాకా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి మూడక్షరాలు సర్దలేక అందరి ముందు చిన్నబోవడం ఎంత బాధ! వారికి ఈ ఆట పెట్టకండి. బొమ్మ చూపి అడగండి, అవును-కాదు అనే ప్రశ్నలు వేయండి, జవాబుకు ఆగండి. స్పీచ్ థెరపిస్టు చెప్పిన అభ్యాసాలే చేయించండి.

నిన్న హాయిగా ఆట ఆడిన పెద్దమనిషి ఈ రోజు హఠాత్తుగా మనుషులను గుర్తుపట్టకపోయినా, పగలు మగతగా ఉండి రాత్రి కలవరించినా ముసలితనం అని ఊరుకోకండి. ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని మందులు, మూత్రం బిగియడం కారణం కావచ్చు. వెంటనే నర్సుకు చెప్పండి. ఇంటి దగ్గర ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి వెంట తీసుకురండి.