తెల్లవారుజాము పరుగు, ఇంటిల్లిపాది ప్రయాణం

ముంబయి మారథాన్ ఏటా జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. మూడో ఆదివారమంటే 15వ తేదీకి ముందు రాదు, 21 దాటి పోదు. మన సంక్రాంతి 14నో 15నో. అంటే తెలుగువాళ్ల పెద్ద పండగ, దేశంలోకెల్లా పేరున్న మారథాన్ ఎప్పుడూ వారం తేడాలోనే పడతాయి. 2024లో సంక్రాంతి 15న సోమవారం వచ్చింది, రేసు 21న జరిగింది. కాస్త వెసులుబాటు దొరికింది. 2023లో అదీ లేదు. రెండూ జనవరి 15నే. కనుమ నాడు కాకైనా కదలదనే ఇంట్లో, అల్లుడో కోడలో భోగి నాడే బ్యాగు సర్దుకుంటే పెద్దవాళ్ల మనసు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో, విశాఖ బీచ్ రోడ్డులో తెల్లారకముందే పరుగెత్తేవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచుతున్నవాళ్లే. పైగా వారం రోజులు సెలవు దొరికితే ఊరికీ వెళ్లాలి, పిల్లల్నీ తిప్పాలి, రేసూ పరుగెత్తాలి. గొడవంతా ఆదివారం పొద్దున్నే లేవడం దగ్గరే వస్తుందని అనుకుంటాం. నిజానికి ఆ నాలుగైదు గంటల పరుగును ఇంట్లోవాళ్లు సంతోషంగానే ఒప్పుకుంటారు. చిక్కంతా దానికి ముందున్న రెండు రోజులతో, తర్వాతి పూటతో వస్తుంది. వాటి సంగతి ఎవరూ ముందుగా చెప్పుకోరు.

అంత పొద్దున్నే ఎందుకు?

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగా మారిపోతుంది. ఆ వేడిని చెమట రూపంలో శరీరం బయటికి పంపాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే సముద్ర తీరంలో చెమట త్వరగా ఆరదు. జనవరిలో కూడా ముంబయిలో మధ్యాహ్నానికి ఎండ 30 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్‌ను మామూలు రన్నర్లకు చీకటితోనే, దాదాపు 5 గంటలకే మొదలుపెడతారు. నగరం నడిబొడ్డున రోడ్లు మూసేసి నడిపే రేసు కాబట్టి ట్రాఫిక్ సంగతీ చూసుకోవాలి. కటాఫ్ ఏడు గంటలు. అంటే నెమ్మదిగా పరుగెత్తేవారికి మధ్యాహ్నం దాకా పడుతుంది.

5 గంటల నుంచి వెనక్కి లెక్కేసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. 4.15 కల్లా స్టార్టింగ్ దగ్గరుండాలి. అంటే 3.30కి బయల్దేరాలి. తిన్నది అరగడానికి రెండు గంటలైనా కావాలి గనక 3 లోపు తినాలి, 2.30కి లేవాలి. ఆరు గంటల నిద్రయినా దక్కాలంటే రాత్రి 8.30కి పడుకోవాలి. 6.30కల్లా భోజనం ముగియాలి. సరిగ్గా ఆ సమయానికే పిల్లలు చౌపాటీకి వెళ్దామని తయారవుతారు. ఈ లెక్క మీ బుర్రలో ఉంటే చాలదు. టికెట్లు బుక్ చేసే రోజే ఇంట్లో అందరికీ తెలియాలి.

ఆదివారం రేసుకు శుక్రవారమే మొదలు

రేసు ముందు రాత్రి చాలామందికి నిద్ర సరిగా పట్టదు. దానికి బెంగ పడాల్సిన పని లేదు. అంతకుముందు కొన్ని రాత్రులు బాగా నిద్రపోయిన శరీరం ఒక్క రాత్రి కొరతను చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి జాగ్రత్తగా చూసుకోవాల్సింది శుక్రవారం రాత్రి నిద్రను. ఆ రాత్రి బస్సులోనో రైల్లోనో గడిచిపోయేలా ప్రయాణం పెట్టుకోవద్దు.

సంక్రాంతికి ఇది మరీ ముఖ్యం. పండగ తిరుగు ప్రయాణంలో విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే జాతీయ రహదారి మీద, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో మనందరికీ తెలుసు. ఆ రద్దీలో హైదరాబాద్ చేరి, అక్కణ్నుంచి మళ్లీ ముంబయి వెళ్లడం కంటే విశాఖపట్నం నుంచో విజయవాడ నుంచో నేరుగా విమానం ఎక్కడం మేలు. కుటుంబం ఊళ్లోనే మరో రెండు రోజులు ఉండి తాపీగా ఇంటికి చేరుతుంది. అందరూ కలిసి ముంబయి రావాలన్న పట్టుదల అవసరం లేదు.

తిండి విషయంలోనూ ఇంట్లో ఊరికే మాట పట్టింపులొస్తాయి. రేసుకు నాలుగైదు రోజుల ముందు అత్తగారు పెట్టిన అరిసె, గారె, నాటుకోడి పులుసు తింటే పరుగు చెడిపోదు. వద్దని ముఖం తిప్పుకోనక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది ఆఖరి ఒకటిన్నర రోజు. అప్పుడు కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ నిండాలి కాబట్టి అన్నం, ఇడ్లీ, బంగాళదుంప లాంటి పిండిపదార్థాలు ఎక్కువ తినాలి. నూనె సరుకు కడుపులో చాలాసేపు నిలుస్తుంది గనక తగ్గించాలి. కొత్త ఊళ్లో కొత్త వంటకాలు రుచి చూడటం రేసు అయ్యాకే.

ఇక బిబ్, అంటే రన్నర్ నంబరు చీటీ. ముంబయిలో దాన్ని రేసు రోజు ఇవ్వరు. ముందే ఎక్స్‌పోకు వెళ్లి తీసుకోవాలి. కొన్నేళ్లుగా అది బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో జరుగుతోంది. దక్షిణ ముంబయిలో దిగితే వెళ్లి రావడానికి ఒక పూట పడుతుంది. కుటుంబమూ మీతో వచ్చిందనుకోండి, శనివారం పిల్లల్ని వెంటేసుకుని ఆ రద్దీలో నిలబడితే వాళ్లకీ విసుగు, మీ కాళ్లకీ అలసట. శుక్రవారమే ఒంటరిగా వెళ్లి తెచ్చుకోవాలి. శనివారం పగలు పిల్లలతో గడపండి, కాకపోతే ఎక్కువ నడక లేని చోట.

హోటల్ గదిలో శనివారం రాత్రి

నలుగురూ ఒకే గదిలో ఉన్నప్పుడు తెల్లవారుజామున 2.30కి లైటు వేస్తే అందరి నిద్రా పాడవుతుంది. అందుకే రాత్రే అంతా బాత్రూం దగ్గర ఒక కుర్చీ మీద సిద్ధం చేసుకోవాలి: పిన్నీసులతో బిబ్ తగిలించిన టీషర్టు, దాని కింద షార్ట్స్, సాక్సులు, జెల్ ప్యాకెట్లు, రాపిడికి రాసుకునే వాజిలిన్. బూట్లు తలుపు దగ్గర. అలారం చేతికున్న వాచీలో, శబ్దం లేకుండా వణికేలా. బట్టలు మార్చుకోవడం బాత్రూంలోనే. హోటల్లో టిఫిన్ ఏ ఏడింటికో మొదలవుతుంది. మీ తిండి మీరే ముందు రోజు కొని పెట్టుకోవాలి. అరటిపళ్లు, బ్రెడ్డు, పల్లీ చిక్కీ చాలు. గదిలో నీళ్లు కాచే కెటిల్ ఉంటే ఓట్స్ కూడా అవుతాయి. శిక్షణలో లాంగ్ రన్‌కు ముందు ఏం తిన్నారో అదే తినాలి.

కుటుంబం చూడటానికి వస్తానంటే చోటూ వేళా రాసివ్వండి. స్టార్టింగ్‌కు రమ్మనకండి. చీకట్లో, ఆ జనంలో పిల్లలకు ఏమీ కనబడదు. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పరుగెత్తేవారు 38వ కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి సుమారు 9.30 అవుతుంది. పెద్దర్ రోడ్ ఎత్తు ఎక్కి దిగి మెరైన్ డ్రైవ్ వైపు వచ్చే ఆ చివరి భాగంలోనే రన్నర్‌కు నిజంగా మనిషి తోడు కావాలి. పిల్లలు నిద్రలేచి, టిఫిన్ తిని, అక్కడికి వచ్చేయొచ్చు. రోడ్లు మూసేసి ఉంటాయి కాబట్టి కారును నమ్ముకోవద్దు. లోకల్ రైల్లో చర్నీ రోడ్ లేదా మెరైన్ లైన్స్‌లో దిగి నడిస్తే సరి. సరదా ఉన్నవాళ్లకు సుమారు 6 కిలోమీటర్ల డ్రీమ్ రన్ కూడా ఉంది. దానికి వేరే ఎంట్రీ.

ముందు రేసు, తర్వాతే విహారం

సెలవులు ఎన్నున్నా వాటిని రేసు తర్వాత పెట్టుకోవడమే మేలు. ముందు పెట్టుకుంటే ప్రతి నడకకూ, ప్రతి పానీపూరీకీ మీరు అడ్డుచెబుతారు. అందరి సరదా పోతుంది. తర్వాత పెట్టుకున్నా ఒక జాగ్రత్త ఉంది. మారథాన్ తర్వాత కండరాల నొప్పి వెంటనే కాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మెట్లెక్కడం కంటే దిగడం కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోయాలి. పిల్లలతో ఎలిఫెంటా వెళ్లాలనుకుంటే పడవ దిగాక గుహల దాకా వందకు పైగా మెట్లున్నాయని, సోమవారం ఆ గుహలు మూసేస్తారని గుర్తుంచుకోండి. మంగళవారం, బుధవారం చూడొచ్చు.

ఆదివారం చెకవుట్ మరో చిక్కు. మీరు చెమటతో, మెడలో పతకంతో గదికి వచ్చేసరికి గది ఖాళీ చేసే వేళ దాటిపోతుంది. అప్పటికి సామాను సర్దేది, పిల్లలకు స్నానాలు చేయించేది ఇంట్లో రెండోవాళ్లు. ఆ రాత్రికీ గది తీసుకోండి, లేదా సాయంత్రం దాకా ఉండనిస్తారేమో ముందే అడగండి. అదే రోజు హైదరాబాద్ తిరిగి రావాల్సి ఉంటే రాత్రి సీఎస్‌ఎంటీ స్టేషన్లో బయల్దేరే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ నయం. పగలంతా తీరిక దొరుకుతుంది, రైల్లో కాళ్లు చాచుకోవచ్చు.

ట్రయథ్లాన్ అయితే ఈ లెక్క మారుతుంది. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3లో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు వరుసగా చేయాలి. సైకిల్‌ను ముందు రోజే నిర్వాహకులకు అప్పగించాలి. అంటే శనివారం సైతం రేసు ఖాతాలోకే పోతుంది. విమానంలో సైకిల్ పెట్టె ఒక సూట్‌కేసు చోటు తినేస్తుంది. గోవా కదా, పనిలో పని విహారమూ అయిపోతుందనుకుంటే మీకూ, ఇంట్లోవాళ్లకూ నిరాశే. కుటుంబాన్ని శనివారం రాత్రికి రమ్మని, సోమవారం నుంచి మూడు రోజులు బీచ్ దగ్గర ఉండటం మంచి పద్ధతి.

ఇంట్లోవాళ్ల గంటలు

మారథాన్‌కు నాలుగైదు నెలల శిక్షణ కావాలి. ఆ వారాల్లో ఆదివారం పొద్దుట మీరు రోడ్డు మీద ఉన్నప్పుడు పాలు కాచి, పిల్లల్ని లేపి, పెద్దవాళ్లకు మందులిచ్చేది ఇంకొకరు. తెల్లవారుజామున లేచే కష్టం రన్నర్‌కు పేరు తెస్తుంది. వెనకున్నవాళ్ల కష్టం ఎవరి లెక్కలోకీ రాదు. ఇల్లాళ్లు రన్నర్లయిన చోట ఈ భారం రెట్టింపవుతుంది. రేసు నాడు కూడా పిల్లల టిఫిన్ డబ్బాల గురించి వాళ్లే ఆలోచించాల్సి వస్తోంది. ఇది మారాలి.

అందుకు నా మనవి ఒక్కటే. ఎంట్రీ ఫీజు కట్టే ముందే క్యాలెండర్ తీసి ఇంట్లో కూర్చుని మాట్లాడండి. శిక్షణ ఆదివారాలు, శుక్రవారం ప్రయాణం, శనివారం సాయంత్రం, ఆదివారం పగలు, వేటికి మీరు దొరకరో తేదీలతో చెప్పండి. బదులుగా మీరు ఏ రోజులు ఇంటికి ఇస్తారో కూడా అప్పుడే రాయండి, ఆ రోజుల్లో కాళ్లు నొప్పులంటూ పడుకోకండి. పండగ, రేసు ఎంతకీ ఇమడని ఏడాది రేసును వదులుకోండి. ఆ ఏడాది ఇంట్లో రెండోవాళ్లకు ఇష్టమైన పనికి ఆ తెల్లవారుజాములు ఇచ్చి, పిల్లల బాధ్యత మీరు తీసుకోండి. మీరు అడిగిన గంటలు తిరిగి వస్తాయన్న నమ్మకం ఉన్న ఇంట్లో, తర్వాతి రేసుకు అనుమతి అడగాల్సిన అవసరం పెద్దగా ఉండదు.