కంప్యూటర్ల వల: అనుకరణమా, అసలు పరికరమా?

విశాఖపట్నములోని జాలరిపేటలో వల అల్లుటయు, చిరుగులు కుట్టుటయు ఒడ్డుననే నేర్వవచ్చును. ఆ వల ఎంత బరువు తాళునో సముద్రములోనే తెలియును. కంప్యూటర్లను కలుపు వలకు, అనగా నెట్‌వర్క్‌కు, ఈ మాట చక్కగా వర్తించును.

సిస్కో సంస్థ ఇచ్చు సి.సి.ఎన్.ఎ. యోగ్యతాపత్రము కోరు విద్యార్థి రౌటరు, స్విచ్చి అను పరికరములను నడపుట నేర్వవలెను. అవి ఖరీదైనవి. మరి కొనలేనివారు వెనుకబడవలసినదేనా? అక్కరలేదు. ‘పాకెట్ ట్రేసర్’ అను ఉచిత సాధనముతో తెరమీదనే పది రౌటర్లను కలిపి, ఆజ్ఞలిచ్చి, సమాచారపు పొట్లము అడుగడుగున ఎట్లు సాగునో చూడవచ్చును. తప్పు చేసినను నష్టము లేదు. అయితే అది పరికరపు నడతను అనుకరించునదే. అసలు పరికరపు ఆజ్ఞలన్నియు అందులో ఉండవు. ‘జి.ఎన్.ఎస్.3’ రౌటరులోని అసలు సాఫ్ట్‌వేరునే కంప్యూటరుపై నడపగలదు గనుక యథార్థమునకు మరికొంత చేరువ.

ఈ రెండింటికిని ఉప్పుగాలి సోకదు. తీరమున ఆ గాలిలోని తేమ తీగ చివరి లోహపు కొనలను క్రమముగా తినివేయును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమువద్ద తీరము దాటినప్పుడు విద్యుత్తు, టెలిఫోను సంబంధములు తెగిపోయినవి. అట్టివేళ లోపము ఆజ్ఞలలో కాదు, స్తంభములలోను తీగలలోను వెదకవలెను.

కనుక సూత్రములను తెరమీద నేర్చి, పిమ్మట పాఠశాలలో ఒక పాత స్విచ్చిని, కొన్ని తీగలను ముందుంచుకొనవలెను. స్విచ్చి మీది చిన్న దీపము వెలుగనిచో తప్పు ఏ తీగదో కనిపెట్టుట అభ్యసింపవలెను. పరీక్షకు అనుకరణము చాలవరకు చాలును. ఉద్యోగమునకు చేతి అనుభవము కూడ కావలెను.