మూడు రోజుల్లో జవాబు రాకపోతే తుపాకీ ఇచ్చేయొచ్చు!

2023 మే 6, శనివారం. డాలస్ చుట్టుపక్కల ఉండే మాలాంటి వాళ్లకు వీకెండ్ షాపింగ్ అంటే అలెన్ ఔట్‌లెట్సే. ఇండియా వెళ్లేముందు అమ్మకు హ్యాండ్‌బ్యాగ్, నాన్నకు బూట్లు కొనేది అక్కడే. ఆ రోజు నేనూ వెళ్దామనుకున్నా. బట్టలు ఉతుక్కునే పని మిగిలిపోయి ఆగిపోయా.

మూడున్నర దాటాక మా వాట్సాప్ గ్రూపు మోగడం మొదలైంది. "ఔట్‌లెట్స్‌లో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అందరూ అదే మెసేజ్. సాయంత్రానికి అసలు విషయం తెలిసింది. ఆ కాల్పుల్లో మొత్తం 8 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజినీరు కూడా ఉంది. దాదాపు నా వయసే.

అప్పటికి ఇండియాలో ఇంకా తెల్లారలేదు. పిన్ని ఎవరి స్టేటస్‌లోనో చూసి అమ్మను లేపేసింది. "ఎక్కడున్నావురా?" అంది అమ్మ. "రూమ్‌లోనే ఉన్నానమ్మా" అన్నా. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మా తమ్ముడికి ఇక్కడే ఎంఎస్ సీటొచ్చింది. ఐ-20 కూడా వచ్చేసింది. అమ్మ నన్ను అడిగింది: "నువ్వు అక్కడ ఉన్నవాడివి. నిజం చెప్పు, వీణ్ని పంపమంటావా?"

"ఏం కాదులేమ్మా" అని తోసెయ్యొచ్చు. కానీ నాకే తెలియని విషయాన్ని అలా ఎలా చెప్పను? అందుకే చదవడం మొదలుపెట్టా. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎక్కడ తప్పు జరిగిందో వరసగా వెనక్కి వెళ్లి చూస్తాం కదా, అలాగే చూశా.

సిస్టమ్ ఎలా పనిచేస్తుంది?

అమెరికాలో లైసెన్సున్న షాపులో తుపాకీ కొనాలంటే ఒక ఫారం నింపాలి. షాపువాడు ఎఫ్‌బీఐ నడిపే డేటాబేస్‌లోనో, కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర పోలీసుల ద్వారానో తనిఖీ చేయిస్తాడు. ఈ పద్ధతి 1998 నుంచి ఉంది. ఎక్కువసార్లు నిమిషాల్లోనే జవాబొస్తుంది. ఏదైనా అనుమానముంటే ఆగమంటారు.

ఎన్నాళ్లు ఆగాలి? ఫెడరల్ చట్టం ప్రకారం మూడు పనిదినాలు. అప్పటికీ జవాబు రాకపోతే షాపువాడు తుపాకీ అమ్మేయొచ్చు!

ఇది చదివి నేను రెండోసారి సరిచూసుకున్నా. మీ ఫోన్‌లో యూపీఐ పేమెంట్ చేస్తుంటే బ్యాంకు నుంచి జవాబు రాలేదనుకోండి. "సరే, డబ్బులు వచ్చినట్టే" అనుకుని షాపువాడు సరుకు ఇస్తాడా? ఇక్కడ ప్రాణాలు తీసే వస్తువు విషయంలో రూలు అలా ఉంది.

2015లో చార్లెస్టన్ చర్చిలో 9 మందిని చంపినవాడికి తుపాకీ అందింది ఇలాగే. అతని మీద డ్రగ్స్ కేసు ఉంది. ఆ వివరం సరిగ్గా దొరికుంటే తుపాకీ వచ్చేది కాదని ఆ తర్వాత ఎఫ్‌బీఐ డైరెక్టరే ఒప్పుకున్నాడు. కాగితం కోసం వెతుకుతుండగానే గడువు దాటిపోయింది.

ఇదొక్కటే కాదు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన విద్యార్థి తనకు తానే ప్రమాదమని 2005లోనే తేల్చి, చికిత్సకు ఆదేశమిచ్చారు. ఆ రికార్డు డేటాబేస్‌కు చేరలేదు. రెండు తుపాకులూ తనిఖీ దాటే కొన్నాడు. 2017లో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో, కడుపులోని బిడ్డతో కలిపి 26 మంది పోయారు. చంపినవాడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా భార్యను, పసిబిడ్డను కొట్టి శిక్ష పడ్డవాడు. ఆ శిక్ష సంగతి ఎయిర్‌ఫోర్స్ ఎఫ్‌బీఐకి పంపనేలేదు.

ఇక 2019లో మిడ్‌ల్యాండ్-ఒడెస్సాలో 7 మందిని చంపినవాణ్ని తనిఖీ సరిగ్గానే ఆపింది. వాడు షాపు వదిలేసి, ఒక మామూలు మనిషి దగ్గర కొన్నాడు. మనిషికీ మనిషికీ మధ్య జరిగే అమ్మకానికి ఫెడరల్ చట్టం ప్రకారం తనిఖీ అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, టెక్సాస్ అడగదు.

మరి మనుషుల తప్పేం లేదా?

ఉంది. మా టీమ్‌లో టెక్సాస్ పల్లెటూళ్లో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకాయనున్నారు. ఇంట్లో తుపాకులున్నాయి, అన్నీ తాళం వేసిన బీరువాలో. "మా ఊరికి పోలీసులు రావాలంటే అరగంట పైనే. అప్పటిదాకా నన్ను నేనే కాపాడుకోవాలి" అంటారు. ఇది వాళ్లకు 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు. సొంత రక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం ప్రతి వ్యక్తికీ ఉన్న హక్కేనని 2008లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "మా తాత కాలంలోనూ తుపాకులున్నాయి. స్కూళ్లలో ఇలా కాల్చుకోలేదే! చెడిపోయింది మనుషులు" అన్నది ఆయన వాదన.

ఆ మాటలో కొంత నిజముంది. కాల్పులు జరిపినవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో నిరాశలోనో, ద్వేషంలోనో కూరుకుపోయి ఉన్నారు. ముందే ఎవరికో ఒకరికి చెప్పినవాళ్లూ, ఆన్‌లైన్‌లో రాసినవాళ్లూ ఉన్నారు. 2018లో పార్క్‌ల్యాండ్ స్కూల్లో 17 మంది చనిపోవడానికి నెల ముందే ఎఫ్‌బీఐకి ఒకరు ఫోన్ చేసి హెచ్చరించారు. ఆ సమాచారం స్థానిక ఆఫీసుకు చేరలేదు.

కానీ కోపం, ఒంటరితనం, వీడియోగేమ్‌లు, మానసిక సమస్యలు జపాన్‌లో లేవా? మన దగ్గర లేవా? మానసిక సమస్యలున్న వాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. తేడా ఎక్కడుందంటే, కోపానికీ రైఫిల్‌కూ మధ్య దూరంలో. 2017 లెక్క ప్రకారం అమెరికా జనం చేతుల్లో దాదాపు 39 కోట్ల తుపాకులున్నాయి. జనాభా కంటే ఎక్కువ! 2022లో యువాల్డేలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపినవాడు 18 ఏళ్లు నిండగానే చట్టప్రకారమే రైఫిళ్లు కొన్నాడు. అలెన్‌లో కాల్చినవాడి తుపాకులూ చట్టప్రకారం కొన్నవే. అంటే అక్కడ డేటాబేస్ తప్పు చేయలేదు, రూలే అలా ఉంది.

ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక, ప్రభుత్వం ఆటోమేటిక్ తరహా రైఫిళ్లను నిషేధించి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అమెరికాలో అదంతా జరుగుతుందని నేననుకోను. యువాల్డే తర్వాత ఒక చట్టమైతే వచ్చింది. 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో అనుమానముంటే గడువు మూడు నుంచి పది పనిదినాలకు పెరిగింది.

మా పెద్దాయనకు ఈ మూడు రోజుల సంగతి చెప్పా. కాసేపు ఆలోచించి, "జవాబు వచ్చేదాకా ఆగడానికి నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. తుపాకులు వెనక్కివ్వమంటే మాత్రం ససేమిరా.

తమ్ముడికి చెప్పింది

2021లో అమెరికాలో తుపాకులకు 48,830 మంది బలయ్యారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. టీవీలో చూసే సామూహిక కాల్పుల వాటా చాలా తక్కువ. అందుకే తమ్ముడికి మాల్ గురించి కాదు, మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పా. రాత్రిపూట గ్యాస్ స్టేషన్ల దగ్గర జాగ్రత్త. యూనివర్సిటీ అలర్ట్‌లకు మొదటి రోజే నంబర్ రిజిస్టర్ చేసుకో. ఎక్కడికెళ్లినా బయటికి దారెటో ఒకసారి చూసుకో. మనసు బాగోకపోతే ఏ టైమైనా నాకు ఫోన్ చెయ్.

"నేనూ ఒకటి కొనుక్కుంటే?" అన్నాడు నవ్వుతూ. వీసా మీద ఉన్నవాళ్లకు మామూలుగా అది నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రూమ్‌మేట్ తుపాకీనైనా ముట్టుకోవద్దన్నా. 2024లో అట్లాంటాలో పుట్టినరోజు నాడే తన చేతిలో తుపాకీ పేలి మన హైదరాబాద్ కుర్రాడు చనిపోయిన సంగతి గుర్తుచేశా. నవ్వు ఆపేశాడు.

అమ్మకు కూడా ఉన్నదున్నట్టు చెప్పా. భయమే అక్కర్లేదని చెప్పలేను, ఆ భయంతో చదువు మానుకోమనీ చెప్పలేను. వాడు ఆగస్టులో వస్తున్నాడు. అమ్మ అంతా విని, చివరికి ఆ మూడు రోజుల దగ్గరే ఆగిపోయింది.

"సంతకం కాస్త తేడా ఉందని బ్యాంకువాడు నా డబ్బు నాకివ్వడానికి మూడుసార్లు తిప్పాడు. వాళ్లు జవాబు రాకుండానే తుపాకీ ఇచ్చేస్తారా?"

"ఇచ్చేయొచ్చమ్మా."

"మరి అంత చదువుకున్నవాళ్లు, అదొక్కటీ సరిచేసుకోలేరా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు.