నీటి బలము

సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్.బి. నగరులోను కరాటే నేర్వఁబోవు బాలికలను సోదరీమణులు చూచుచునే యుందురు. “ఆడుపిల్లకు కొట్లాటవిద్య యేల?” యని సంకోచించు తల్లులును గలరు. వారికొక టెలివిజను కథ చెప్పఁదలఁచితిని.

అమెరికాలో 1972 మొదలు 1975 వఱకు ‘కుంగ్ ఫూ’ అను ధారావాహిక ప్రసారమయ్యెను. కథానాయకుఁడు కెయిన్ చీనాదేశపు షావొలిన్ మఠమునఁ బెరిగినవాఁడు. అంధుఁడైన గురువు పో వానిని ‘మిడతా’ యని ముద్దుగాఁ బిలుచుచు, పిడికిలి బిగించుటకంటె ముందు ఓర్పును నేర్పెను. పెద్దవాఁడైన కెయిన్ తగవును దప్పించుకొనఁజూచును; గత్యంతరము లేనపుడే చేయెత్తును.

షావొలిన్ బౌద్ధమఠమే యైనను, ఆ గురుబోధలో పెక్కుమాటలు చీనాజ్ఞాని లావోత్సు పేర వెలసిన ‘తావో తే చింగ్’ గ్రంథమునుండి గ్రహింపఁబడినవి. తావో యనఁగా మార్గము. మెత్తని నీరే కఠినశిలను జయించు ననునది ఆ గ్రంథబోధలలో నొకటి. కొట్లాట చూడఁ గూర్చున్న పాశ్చాత్యులలో ననేకులు ఈ తత్త్వమును మొదట నెఱిఁగినది యిట్లే. చీనాతల్లికిఁ బుట్టిన నాయకుని వేషమును చీనీయుఁడు గాని డేవిడ్ కారడైనునకు నిచ్చుట మాత్రము లోపమే.

కావున తల్లులారా! బిడ్డను పంపుటకు సంకోచింపకుఁడు. అయితే, దెబ్బ కొట్టుట మాత్రమే గాక, ఎత్తిన చేయి యెప్పుడు దింపవలెనో కూడ నేర్పు గురువును వెదకుఁడు.