తిరుగు, తిప్పు, తిప్పించు: అభిరుచి రోబోటిక్స్‌లో మోటారు నియంత్రణకు తెలుగు వివరణ

వ్యాస సంగ్రహం:
చిన్న రోబో బండిని తయారుచేసే విద్యార్థి మైక్రోకంట్రోలర్, మోటారు డ్రైవర్ అనే రెండు పరికరాల పనులను తరచుగా ఒకటిగా భావిస్తాడు. రెండింటికీ తెలుగులో ‘నియంత్రకం’ అన్న ఒకే మాట వాడితే ఈ పొరపాటు బలపడుతుంది. తెలుగు క్రియలోని అకర్మక, సకర్మక, ప్రేరణార్థక భేదాన్ని ఆధారం చేసుకొని ఆ పనులను వేరుచేసి వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: మైక్రోకంట్రోలర్, మోటారు డ్రైవర్, హెచ్-బ్రిడ్జి, ప్రేరణార్థక క్రియ, సాంకేతిక పదజాలం

1. ఉపోద్ఘాతం:
ఆర్డ్యూయినో బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో డిజైన్ విద్యార్థుల కోసం రూపొందింది. ఎలక్ట్రానిక్స్ ప్రధానాంశంగా చదవనివారు కూడా యంత్రాలను కదిలించగలగాలన్నది దాని లక్ష్యం. అందువల్లనే ఈ అభిరుచి ఇంజనీరింగ్ కళాశాలల ఆవరణ దాటి వచ్చింది.

మా కళాశాలలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన ఒక బి.ఎ. విద్యార్థి రెండు చక్రాల రోబో బండిని తయారుచేయబోయి, మోటారు తీగలను నేరుగా ఆర్డ్యూయినో ఉనో బోర్డు పిన్నుకు కలిపాడు. మోటారు కదలలేదు. ఆ పిన్ను మళ్లీ పనిచేయలేదు. “పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, మోటారుకు 5 వోల్టులు చాలు. మరెందుకు తిరగలేదు సార్?” అని అడిగాడు. అతడు చదివిన తెలుగు నోట్సులో మైక్రోకంట్రోలర్ ‘సూక్ష్మ నియంత్రకం’, మోటారు డ్రైవర్ ‘మోటారు నియంత్రకం’. ఒక నియంత్రకం ఉండగా రెండోది ఎందుకని అతడు దాన్ని వదిలేశాడు. ఆ నోట్సు నేను అనువదించి ఇచ్చినదే. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్న.

2. ఆజ్ఞ వేరు, శక్తి వేరు:
వోల్టేజి సరిపోయినంత మాత్రాన మోటారు తిరగదు; తగినంత విద్యుత్ ప్రవాహం కూడా కావాలి. ఉనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్పు ఒక్కో పిన్ను నుంచి సుమారు 20 మిల్లీఆంపియర్ల వరకు తీసుకోవడం క్షేమం. 40 దాని గరిష్ఠ పరిమితి. బొమ్మకారులో వాడే చిన్న గేరు మోటారు కూడా కదలడం మొదలుపెట్టే క్షణంలో వందల మిల్లీఆంపియర్లు కోరుతుంది. పిన్ను ఇవ్వగలిగేది సంకేతం మాత్రమే, శక్తి కాదు.

కాలువ కింద సేద్యం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. నీరు వదలమని అధికారి ఆదేశిస్తాడు. లస్కరు తూము తలుపు ఎత్తుతాడు. నీరు జలాశయం నుంచి వస్తుంది. రోబోలో మైక్రోకంట్రోలర్ అధికారి, డ్రైవర్ లస్కరు, బ్యాటరీ జలాశయం.

3. హెచ్-బ్రిడ్జి పనితీరు:
ఎల్298ఎన్ అనే ప్రసిద్ధమైన డ్రైవర్ చిప్పులో రెండు హెచ్-బ్రిడ్జిలు ఉంటాయి. ఇంగ్లిషు హెచ్ అక్షరంలోని రెండు నిలువు గీతల మీద పైన రెండు, కింద రెండు స్విచ్చులు ఉన్నట్లు, అడ్డగీత స్థానంలో మోటారు ఉన్నట్లు ఊహించుకోవాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న జతను కలిపితే మోటారు ముందుకు, రెండో జతను కలిపితే వెనక్కు తిరుగుతుంది. పై రెండింటినీ లేదా కింది రెండింటినీ మాత్రమే కలిపితే బ్రేకు పడుతుంది. ఒకే నిలువు గీత మీది రెండూ కలిస్తే బ్యాటరీ షార్ట్ అవుతుంది. ఈ చిప్పులోని తార్కిక వలయం అటువంటి ఆజ్ఞకు తావివ్వదు.

వేగాన్ని తగ్గించడానికి మైక్రోకంట్రోలర్ వోల్టేజిని తగ్గించదు. సంకేతాన్ని అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తుంది. ఉనోలోని 9వ పిన్ను సెకనుకు సుమారు 490 సార్లు ఇలా చేస్తుంది. ప్రోగ్రాములో 255 అని రాస్తే సంకేతం నిరంతరం ఆన్‌లో ఉంటుంది; 128 అంటే దాదాపు సగం కాలమే. మోటారుకు అందే సగటు శక్తి ఆ నిష్పత్తిని బట్టి మారుతుంది.

4. ఆచరణలో ఎదురయ్యే దోషాలు:
మొదటిది, వోల్టేజి నష్టం. ఎల్298ఎన్ 1 ఆంపియరు ప్రవాహం వద్ద సుమారు 2 నుంచి 3 వోల్టులు తానే తినేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీ పెట్టినా మోటారు నీరసంగా తిరగడానికి కారణం ఇదే. మాస్‌ఫెట్‌లతో నిర్మించిన టీబీ6612ఎఫ్ఎన్‌జీ వంటి డ్రైవర్లలో ఈ నష్టం చాలా తక్కువ.

రెండవది, ప్రేరణ. మోటారు తీగచుట్టలో ప్రవాహాన్ని హఠాత్తుగా ఆపితే ప్రేరిత విద్యుచ్ఛాలక బలం పుట్టి స్విచ్చులను దెబ్బతీస్తుంది. దాన్ని దారి మళ్లించేవి డయోడ్లు. ఎల్298ఎన్ చిప్పులో ఇవి లేవు. బోర్డు మీద విడిగా అమర్చాలి.

మూడవది, గ్రౌండ్ కలపకపోవడం. మోటారుకు, మైక్రోకంట్రోలర్‌కు వేర్వేరు బ్యాటరీలు పెట్టడం మంచి పద్ధతే. లేకపోతే మోటారు కదిలిన క్షణంలో వోల్టేజి పడిపోయి బోర్డు మళ్లీ మొదటినుంచి ప్రారంభం కావచ్చు. అయితే రెండు బ్యాటరీల రుణధ్రువాలను కలపాలి. కలపకపోతే సంకేతానికి తిరుగుదారి ఉండదు. డ్రైవర్ దాన్ని సరిగా గుర్తించలేదు.

5. భాషాపరమైన పరిశీలన:
పై వివరణ సారాంశం ఒక తెలుగు వాక్యంలో ఇముడుతుంది: మైక్రోకంట్రోలర్ డ్రైవర్ చేత మోటారును తిప్పిస్తుంది. డ్రైవర్ మోటారును తిప్పుతుంది. మోటారు తిరుగుతుంది. అకర్మక, సకర్మక, ప్రేరణార్థక రూపాలు మూడు పరికరాలకూ వరుసగా సరిపోతున్నాయి. ‘ఆగు, ఆపు, ఆపించు’ కూడా ఇదే తీరు. తిప్పించేవాడు తాను బరువు మోయడన్న స్పృహ తెలుగు మాట్లాడే ప్రతివారికీ ఉంటుంది. ‘నియంత్రకం’ అనే నామం దాచిన భేదాన్ని క్రియ బయటపెడుతోంది.

‘ప్రేరణ’ అనే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. వ్యాకరణంలో అది ఇతరుల చేత చేయించడం. భౌతికశాస్త్రంలో అయస్కాంత క్షేత్రం మారడం వల్ల విద్యుత్తు పుట్టడం. ఈ వ్యాసంలోనే ఆ మాట రెండు శాస్త్రార్థాలలోనూ, ఉపోద్ఘాతంలో లోకార్థంలోనూ వచ్చింది.

6. ముగింపు:
1. పరికరాల పేర్లను మైక్రోకంట్రోలర్, మోటారు డ్రైవర్ అని వ్యవహారంలో ఉన్నట్లే ఉంచడం మేలు. అంగట్లో అడగవలసిన పేర్లు అవే.
2. అనువాదకుని శ్రమ నామాలను సృష్టించడం కంటే, ఏది ఏం చేస్తుందో చెప్పే క్రియలను ఎంచుకోవడంలో ఎక్కువగా ఉండాలి.
3. సాంకేతిక రచనలో పదం అస్పష్టమైతే నష్టం భాషకే పరిమితం కాదు. విద్యార్థి కొనుక్కున్న బోర్డు కాలిపోతుంది.

నోట్సును ఈ పద్ధతిలో తిరగరాసి ఇచ్చాను. ఆ విద్యార్థి ఈసారి డ్రైవర్‌ను వదిలేయలేదు. బండి వరండా పొడవునా నడిచింది.