కొటేషన్‌ను కింది నుంచి చదవండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు. చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరువాళ్లకు ఎస్పీ రోడ్, ఢిల్లీవాళ్లకు నెహ్రూ ప్లేస్ ఎలాగో మనకు సీటీసీ అలాగ. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతున్నా, తమకు నచ్చినట్టు ఒక సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవాలనుకునే కుర్రవాళ్లు ఇప్పటికీ ఇలాంటి బజార్లకు వస్తూనే ఉన్నారు. కౌంటర్ ముందు నిలబడగానే మొదటి ప్రశ్న: ‘బడ్జెట్ ఎంత అన్నా?’ రెండోది: ‘గేమింగ్‌కా, వర్క్‌కా?’ ‘రెండింటికీ’ అని జవాబు రాగానే కొటేషన్ తయారైపోతుంది.

ఆ కాగితంలో పై వరుసలో ప్రాసెసర్ ఉంటుంది. దాని వెంటే గ్రాఫిక్స్ కార్డు. వాటి పేర్లు, నంబర్లు స్పష్టంగా రాసి ఉంటాయి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ దాటి కిందికి దిగేకొద్దీ వివరాలు పలచబడతాయి. చివరికి ‘గేమింగ్ క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అన్న ముక్క మాత్రమే మిగులుతుంది. ఏ కంపెనీదో ఉండదు, ఏ మోడలో ఉండదు. కొనేవాళ్లు బేరమాడేది పై రెండు వరుసల కోసం. డబ్బు చాలకపోతే కోత పడేది కింది వరుసల్లో. ఆ సిస్టమ్ ఎన్నేళ్లు పనిచేస్తుందో తేల్చేవి మాత్రం ఆ కింది వరుసలే. అందుకే కొటేషన్ చేతికి రాగానే దాన్ని అడుగు నుంచి పైకి చదవమంటాను.

గోడలోని సాకెట్ దగ్గర మొదలు

అసలైన అట్టడుగు వరుస కొటేషన్‌లో ఉండదు. అది ఇంటి గోడలో ఉంటుంది. ‘క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది’ అన్న ఫిర్యాదు మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు అందులో కంప్యూటర్ తప్పేమీ ఉండదు. సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను వడగట్టే కెపాసిటర్లు లైన్‌కూ న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఉంటాయి. వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు పట్టుకుని భూమిలోకి పోవాలి. మూడో పిన్ వెనక ఎర్త్ లేకపోతే అది బాడీ మీదే నిలుస్తుంది, 230 వోల్టుల్లో దాదాపు సగం అక్కడ కనిపిస్తుంది. కారే కరెంటు చాలా తక్కువ కనుక ఒళ్లు జలదరించడంతో సరిపోతుంది. కానీ అదే ఇంట్లో ఏదో ఒక రోజు ఏ గ్రైండర్‌లోనో, గీజర్‌లోనో నిజమైన లోపం వస్తే మనిషిని కాపాడేదేమీ ఉండదు.

పాత ఇళ్లలో, అద్దె గదుల్లో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా మూడోదాని వెనక వైరు లేకపోవడం సర్వసాధారణం. ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య, లైన్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. మొదటిది కొద్ది వోల్టులకు మించకూడదు, రెండోది సప్లై వోల్టేజీకి దగ్గరగా ఉండాలి. ఎర్త్ గుంత ఉన్న ఇల్లయితే ఎండాకాలంలో అందులో నీళ్లు పోయడం మరిచిపోవద్దు. లక్ష రూపాయల సిస్టమ్ కొంటున్నప్పుడు ఇందుకయ్యే ఖర్చు ఎంతని?

తర్వాత యూపీఎస్. దుకాణాల్లో ఎక్కువగా చేతికిచ్చేది 600 వీఏ రకం. అది మోయగలిగేది సుమారు 360 వాట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డుతో ఆట నడుస్తుండగా కరెంటు పోతే, మానిటర్‌తో కలిపి ఆ హద్దు దాటిపోవచ్చు. అప్పుడు యూపీఎస్ ఉన్నా సిస్టమ్ టప్పున ఆగుతుంది. ఆటగాడికి పోయేది ఒక మ్యాచ్. పెళ్లి వీడియో ఎడిట్ చేసేవాళ్లకు పోయేది రాత్రంతా చేసిన పని. గేమింగ్ సిస్టమ్‌కు 1000 వీఏకు తగ్గకూడదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. నా దృష్టిలో కొటేషన్ మొత్తంలో ముఖ్యమైన వరుస ఇదే. గోడలోంచి వచ్చే ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చి ప్రతి భాగానికీ అందించేది ఇదొక్కటే. ఇది చెడితే తనతోపాటు బోర్డునూ కార్డునూ తీసుకుపోగలదు. డబ్బా మీద ‘80 ప్లస్’ ముద్ర చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. 2004లో మొదలైన ఆ పథకం కొలిచేది సామర్థ్యాన్ని మాత్రమే. అంటే గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం సిస్టమ్‌కు చేరుతోంది, ఎంత వేడిగా వృథా అవుతోంది అన్నది. ఓవర్ వోల్టేజీ వస్తే, షార్ట్ అయితే అది ఎలా ప్రవర్తిస్తుందో ఆ ముద్ర చెప్పదు. తయారీదారు ఇచ్చే వారంటీ చూడండి. ఐదేళ్లో పదేళ్లో ఇస్తున్నారంటే వాళ్లకు తమ సరుకు మీద నమ్మకం ఉందన్నమాట.

వాట్ల లెక్క కూడా కష్టమేమీ కాదు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు 115 వాట్లు, 5060కి 145, 5070కి 250. రైజెన్ 5 7600 లాంటి ప్రాసెసర్‌కు పూర్తి లోడ్‌లో 90 లోపే. మొదటి రెండు కార్డులకూ 550 వాట్లు చాలని ఎన్విడియానే చెబుతోంది, 5070కి 650. అయితే కార్డులు కొన్ని క్షణాంశాల పాటు తమ రేటింగ్‌ను మించి కరెంటు లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ దూకుళ్లను తట్టుకోవాలని నిబంధన పెట్టింది. కొత్తగా కొనేవాళ్లు ఆ మాట డబ్బా మీద ఉందో లేదో చూసుకోవడం మంచిది. పేరూ ఊరూ లేని ‘750 వాట్స్’ కన్నా పేరున్న 550 మేలు.

రెంటచింతల ఎండలో

విదేశీ యూట్యూబ్ సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు 20, 22 డిగ్రీల గదుల్లో కొలిచినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, ఆ 16 డిగ్రీల తేడా దాదాపుగా చిప్ మీదకే చేరుతుంది. ఎంత ఖరీదైన కూలరైనా గదిలో ఉన్న గాలినే వాడుకుంటుంది, గది కన్నా చల్లగా చేయలేదు. రైజెన్ 7000 చిప్‌లు 95 డిగ్రీల దగ్గర, ఇంటెల్‌వి చాలావరకు 100 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. డబ్బు పోసి కొన్న వేగం అక్కడ ఆవిరైపోతుంది.

అందుకే ముందు భాగమంతా గాజుతో మూసేసి లోపల రంగుల దీపాలు పెట్టిన క్యాబినెట్ మన వాతావరణానికి సరిపడదు. ముందువైపు జాలీ ఉండాలి, అక్కడి ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. జాలీ వెనక దుమ్ము ఫిల్టర్ ఉంటే నెలకోసారి తీసి కడగవచ్చు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది కాబట్టి సిస్టమ్‌ను కిటికీ పక్కన పెట్టకపోవడమే మంచిది.

గుంటూరు ఎడిటర్‌కు ఏం కావాలి

ఇక్కడి నుంచి పైకి వెళ్లాలంటే ఒక ప్రశ్నకు జవాబు తేలాలి. దాని మీద ఏం చేస్తారు? ‘గేమింగ్, వర్క్’ అనేవి జవాబులు కావు. ఏ ఆట, ఏ పని, ఏ తెర?

తెర ముందు తేల్చుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. 1080పీ తెరలో 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమ్‌కూ ఇన్నింటికీ రంగు లెక్కగట్టాలి. 60 హెర్ట్జ్ తెరకైతే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్ల గడువుంటుంది, 144 హెర్ట్జ్ అయితే 6.9 మాత్రమే. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకు 1080పీలో వేగమే ప్రాణం. అక్కడ బరువు ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి ఆటను 1440పీలో చూసి ఆనందించాలనుకుంటే బరువంతా కార్డు మీదే.

పని సంగతికొస్తే, గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక యువకుణ్ని ఊహించుకోండి. ఈ కాలపు మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటి నుంచి హెచ్.265 ఫార్మాట్‌లో 10 బిట్ 4:2:2 ఫుటేజీ వస్తుంది. ప్రీమియర్ టైమ్‌లైన్ మీద దాన్ని సాఫీగా నడపాలంటే ఆ ఫార్మాట్‌ను విప్పే సర్క్యూట్ హార్డ్‌వేర్‌లోనే ఉండాలి. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లలోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కు ఆ శక్తి ఉంది. ఎన్విడియా కార్డులకు అది 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే అబ్బింది. ఇప్పుడు కొటేషన్ చూడండి. అందులో ‘ఐ5-14400ఎఫ్’ అని ఉంటుంది. ఆ చివరి ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ పనిచేయదు. ‘కార్డు ఎలాగూ వేస్తున్నాం కదా’ అని దుకాణదారు కొంత ధర తగ్గించి మేలు చేశాననుకుంటాడు. ఆటలు మాత్రమే ఆడేవాడికి అది నిజంగా మేలే. 40 సిరీస్ కార్డు వేసుకున్న ఎడిటర్‌కు మాత్రం ప్రతి టైమ్‌లైన్ తడబడుతుంది, అతను ప్రాక్సీ ఫైళ్లు తయారు చేసుకుంటూ గంటలు పోగొట్టుకుంటాడు. ఆ యువకుడి కోసమే ఈ కథనంలో ఇంత చోటు ఇచ్చాను. ఒక్క అక్షరం అతని రోజును మార్చేస్తుంది, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

ర్యామ్ కొనేవాళ్లకు ఇది గడ్డుకాలం. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నెలల్లో ధరలు రెట్టింపు దాటాయి. ప్రపంచానికి మెమరీ చిప్‌లు అందించేవి ప్రధానంగా మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ చిప్‌లకు పెట్టే హెచ్‌బీఎం మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. సామాన్యులకు ర్యామ్ అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఈ పరిస్థితిలో ‘ఎందుకైనా మంచిది’ అని 64 జీబీ కొనకండి. రోజంతా డాకర్, ఆండ్రాయిడ్ స్టూడియో, 4కే ఎడిటింగ్‌తో పని ఉంటే తప్ప 32 చాలు. రెండు 16 జీబీ స్టిక్కులు జంటగా వేస్తే మెమరీ దారి రెట్టింపవుతుంది. అంత డబ్బు లేకపోతే ఇప్పటికి ఒక్క 16 వేసి, అదే మోడల్ రెండోది తర్వాత చేర్చండి. రెండు 8 జీబీలతో మొదలుపెట్టి తర్వాత మరో రెండు గుచ్చే పద్ధతి డీడీఆర్5కు నప్పదు. నాలుగు స్టిక్కులు పెడితే రైజెన్ 7000కు ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే.

బోర్డు, దాని చరిత్ర

ఇలా ఒక్కో భాగాన్ని ఒక్కో కంపెనీ దగ్గర ఎంచుకునే వీలు ఊరికే రాలేదు. 1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పీసీని బయటి భాగాలతో కట్టింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. సర్క్యూట్ వివరాలతో, బయోస్ కోడ్‌తో సహా సాంకేతిక గ్రంథాన్ని అచ్చువేసి అమ్మింది. బయోస్ మీద కాపీరైటు ఉండేది కాబట్టి కాంపాక్ ఆ కోడ్ చూడని ఇంజినీర్లతో అదే పనిచేసే బయోస్‌ను కొత్తగా రాయించి, 1982లో తన పోర్టబుల్ యంత్రాన్ని ప్రకటించింది. ఆ దారిన మిగతా కంపెనీలూ నడిచాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు నిర్ణయించింది. బోర్డు 305, 244 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలు ఫలానా చోట. ఆ రంధ్రాలు నేటికీ అక్కడే ఉన్నాయి. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్ముతున్న ల్యాప్‌టాప్‌ల కాలంలో స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చుకోగల యంత్రం మిగిలి ఉండటం సామాన్యుడికి గొప్ప ఆస్తి. దాన్ని పోగొట్టుకోకూడదని నా కోరిక.

ఆ ఆస్తి విలువ తెలియాలంటే ఏఎం4 సాకెట్‌ను చూడాలి. 2017లో రైజెన్ కోసం కొన్న బోర్డుల్లో ఎన్నో, బయోస్ అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌3డీని స్వీకరించాయి. ఆ చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది, ఆటల్లో అది తనకన్నా ఖరీదైన వాటితో పోటీపడింది. ఐదేళ్ల తర్వాత ఒక్క చిప్ మార్చి కొత్త యంత్రం పొందిన వాళ్లెందరో. 2022లో వచ్చిన ఏఎం5కు 2027 దాకా, ఆపైనా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 మూడు తరాలతో ముగిసింది, 2024లో కొత్త సాకెట్ వచ్చింది. వాడిన 13, 14వ తరం ఇంటెల్ చిప్ కొనేవాళ్లు మరో మాట గుర్తుంచుకోవాలి. వోల్టేజీ లోపంతో వాటిలో కొన్ని అస్థిరమవుతున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయోస్ అప్‌డేట్ చేయకుండా వాటిని వాడకూడదు.

అలా పైకి ఎక్కివచ్చాక గ్రాఫిక్స్ కార్డుకు మిగిలిన డబ్బెంతో తెలుస్తుంది. ఇక్కడ చూడాల్సింది మెమరీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రకాలుగా వచ్చాయి. మూడు నాలుగేళ్లు వాడదలచుకుంటే 16 తీసుకోండి. ఆటలే ప్రధానమైతే రేడియన్ వైపు చూడవచ్చు. బ్లెండర్, ఏఐ మోడళ్లతో పని ఉంటే ఎన్విడియానే, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ ఆ కంపెనీ సొంత వేదిక కుడా మీదే పెరిగాయి.

బిగించే రోజు

బిగించడం భయపడేంత పనేమీ కాదు. ఒక మధ్యాహ్నం, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీయాలి. బోర్డు కింద స్టాండాఫ్‌లు రంధ్రాలకు సరిగ్గా ఉండాలి. మొదటిసారి ఆన్ చేయగానే తెర నల్లగా ఉంటే కంగారుపడి స్విచ్ కట్టేయకండి. డీడీఆర్5 సిస్టమ్‌లు ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. మానిటర్ కేబుల్ బోర్డుకు కాదు, కార్డుకు గుచ్చాలి. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 6000 వేగపు ర్యామ్ 4800 దగ్గరే ఉండిపోవచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 ఎంచుకోకపోతే ఆ మానిటర్ 60 హెర్ట్జ్‌కే నడుస్తూ ఉండొచ్చు. పెట్టిన డబ్బుకు తగ్గ పని రాకుండా ఏళ్లకు ఏళ్లు నడుస్తున్న సిస్టమ్‌లు ఈ రెండు చిన్న మార్పులతో బాగుపడతాయి.

బిల్లు జీఎస్‌టీతోనే తీసుకోండి, 18 శాతం ఆదా చేస్తామన్న మాటకు లొంగవద్దు. ప్రతి భాగం సీరియల్ నంబరూ అందులో రాయించండి. బాక్స్ ప్యాక్ ప్రాసెసర్‌కు సాధారణంగా కంపెనీ వారంటీ మూడేళ్లుంటుంది, విడిగా ఇచ్చే ట్రే చిప్‌కు దుకాణదారు మాటే వారంటీ. ఇంటికి తెచ్చిన రాత్రే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. మర్నాడు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఉన్నవాటిలో బరువైన ఆటను రెండు గంటలు ఆడండి, తర్వాత మీ పెద్ద ప్రాజెక్టును ఎక్స్‌పోర్ట్‌కు పెట్టండి. తేడా ఏదైనా ఉంటే దుకాణం మార్చి ఇచ్చే గడువులోనే బయటపడాలి.